నూలు తూకం, మనిషి తూకం

నూలుతో బతికేవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెలలో తూచిన నూలు కట్టనే వానాకాలంలో తూస్తే బరువు ఎక్కువ వస్తుంది. పోగు ఒక్కటి కూడా పెరగదు. గాలిలో ఉన్న తడిని పత్తి తాగుతుంది, అంతే. వంద కిలోల పొడి పత్తికి ఎనిమిదిన్నర కిలోల తేమ ఉంటుందని లెక్క కట్టుకునే వ్యాపారం నడుస్తుంది. అందుకే మా సేట్ వానలప్పుడు నూలు కొంటే కాటాను ఒక్కదాన్నే నమ్మడు. కట్టలో చెయ్యి పెట్టి చూస్తాడు.

మనిషిని తూచేటప్పుడు మాత్రం ఈ తెలివి మనకు గుర్తుకు రాదు. కాటా ఎక్కుతాం, ముల్లు ఎక్కడ ఆగితే అదే నిజమనుకుంటాం. అర కిలో తగ్గితే ఆ రోజంతా సంతోషం. కిలో పెరిగితే 'ఇంక మనతోటి కాదు' అని చాయ్‌లోకి నాలుగు ఖారీలు. బరువు తగ్గినవాళ్ల కథలు మీరు చాలా వినే ఉంటారు. ముందు ఫోటో ఒకటి, తర్వాత ఫోటో ఒకటి ఉంటాయి. నడుమ ఏమైందో ఎవరూ చెప్పరు. నేను ఆ నడుమ సంగతే రాస్తున్నాను, ఎందుకంటే మూడున్నర ఏండ్ల నించి నేను అక్కడే ఉన్నాను.

మా అమ్మ షోలాపూర్‌కు పెండ్లయి వచ్చిన నాటి నించి 34 ఏండ్లు బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, జర్దా. పొద్దున కూర్చుంటే వెయ్యి బీడీలు అయ్యేదాకా లేచేది కాదు. లేచినా వంటింటి దాకే. షుగర్ ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు. కాలికి చిన్న మేకు గుచ్చుకున్నది, నొప్పి తెలియలేదు. షుగర్ ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుందని మాకు అప్పటికి తెలియదు. పుండు మానలేదు. ముందు రెండు వేళ్లు తీసేశారు, తర్వాత మోకాలి కిందికి కాలు. ఆపరేషన్ అయిన నెలకు అమ్మ ఒక రాత్రి నన్ను లేపి, "బిడ్డా, ఆ కాలు దురద పెడ్తున్నదే" అన్నది. లేని కాలు. దుప్పటి మీద ఆ ఖాళీ చోట నేను చేత్తో రుద్దుతుంటే ఆమెకు నిద్ర పట్టింది.

నాకు 46 ఏండ్లప్పుడు డాక్టరమ్మ నా చీటీ చూసి, పరగడుపు షుగర్ 118, మూడు నెలల సగటు చూపే పరీక్ష 6.2 అన్నది. సగటు 6.5కు చేరితే షుగర్ జబ్బు అంటారు, 5.7 నించి 6.4 దాకా గడప దగ్గర ఉన్నట్టు. నా బరువు 76 కిలోలు, ఎత్తు ఐదు అడుగులు. నేను టవళ్ల కార్ఖానాలో అంచు కుట్టే పని చేస్తాను. డజను లెక్కన కూలి. కూర్చుంటేనే పైసలు. అమ్మ చాట ముందు కూర్చున్నట్టే నేను మిషన్ ముందు కూర్చున్నాను. ఆ చీటీ చేతిలో పట్టుకున్నప్పుడు నాకు కనబడింది నంబర్లు కాదు, దుప్పటి మీద ఆ ఖాళీ చోటు.

ఎంత తగ్గాలమ్మా అని అడిగాను. ఇరవై అంటుందని భయపడ్డాను. "ముందు ఏడు శాతం తగ్గు, అంటే ఐదు కిలోల పైన కొంచెం. వారానికి 150 నిమిషాలు జోరుగా నడువు" అన్నది. నర్సింగ్ చదివే మా బిడ్డ తర్వాత దీని వెనక కథ చెప్పింది. అమెరికాలో నాలా గడప దగ్గర ఉన్నవాళ్లకు ఇదే లెక్క చెప్పి చూశారు. 2002లో ఫలితం అచ్చయింది. ఊరికే ఉన్నవాళ్లతో పోలిస్తే షుగర్ వచ్చినవాళ్లు 58 శాతం తక్కువ. ఇరవై కిలోలంటే మొదలు పెట్టకముందే ఓడిపోయేదాన్ని. ఐదు కిలోలంటే, మా ఇంట్లో నెలకు వాడే చక్కెర అంత. పట్టుకుని చూడగలిగిన బరువు.

తిండి విషయం త్వరగా చెప్పేస్తాను, ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. ఓట్లు, ఆలివ్ నూనె, అవకాడో మన పేటల్లో ఎవరూ కొనరు, కొనక్కర్లేదు కూడా. జొన్నరొట్టె మనకు ముందే ఉంది. రోజుకు ఆరు చాయ్‌లు రెండు చేశాను. రాత్రి రొట్టె తిన్నాక మళ్లీ పెట్టుకునే అన్నం మానేశాను. పల్లీల చట్నీ మీద పోసుకునే నూనె చెంచాతో కొలిచి పోసుకున్నాను (ఇదే అన్నిటికంటే కష్టమైంది, షోలాపూర్‌లో ఉన్నవాళ్లకు అర్థమవుతుంది). పప్పు, మజ్జిగ, మొలకలు, గుడ్డు పెంచాను. ఒక్క జాగ్రత్త: ఇప్పటికే షుగర్ గోళీలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా తిండి తగ్గించకండి, షుగర్ ఒక్కసారి పడిపోతే కండ్లు తిరిగి పడతారు.

మొదటి నెల 2 కిలోల 100 గ్రాములు తగ్గాను. కార్ఖానాలో అందరికీ చెప్పుకున్నాను. మా బిడ్డ మాత్రం నవ్వి, "అమ్మా, అందులో సగం నీళ్లే" అన్నది. నాకు కోపం వచ్చింది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. తిన్న పిండిపదార్థంలో కొంత మన కండల్లో, కాలేయంలో దాచి ఉంటుంది. అది ఒక్కో గ్రాముకు మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకుంటుంది. తిండి తగ్గించగానే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, దానితో నీళ్లు పోతాయి. మళ్లీ కడుపు నిండా తింటే నిల్వ, నీళ్లు రెండూ తిరిగొస్తాయి. ఉప్పు ఎక్కువైతే ఇంకా నీళ్లు ఆగుతాయి. నెలసరి ముందు కూడా అంతే. ఒక్క రోజులోనే పొద్దుటికి, రాత్రికి కిలో, కిలోన్నర తేడా రావచ్చు. అప్పుడు నాకు మా సేట్ నూలు కట్టలో చెయ్యి పెట్టి చూసుడు గుర్తుకు వచ్చింది.

ఈ సంగతి నాకు నిజంగా పనికొచ్చింది ఆరు నెలల తర్వాత. అప్పటికి 71న్నర దగ్గర ఉన్నాను. కరీంనగర్ దగ్గర మా మేనబావ కొడుకు పెండ్లికి ఐదు రోజులు పోయాం. సకినాలు, గారెలు, మటన్, పొద్దున లేస్తే పూరీలు. రానుపోను బస్సుల్లో కాళ్లు వాచిపోయాయి. తిరిగి వచ్చి కార్ఖానా కాటా మీద నిలబడితే 73 కిలోల 300. ఐదు రోజుల్లో కిలో ఎనిమిది వందలు! ఆరు నెలల కష్టంలో మూడో వంతు పైన పోయినట్టే అనిపించింది.

ఆ రాత్రి మేమిద్దరం లెక్క వేశాం. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకు మించి సుమారు 7,700 క్యాలరీలు తినాలి. కిలో ఎనిమిది వందలంటే 14,000 దాకా. మా ఇంట్లో చేసే ఒక జొన్నరొట్టెకు 200 వేసుకుందాం. అంటే మామూలు తిండి పైన 70 రొట్టెలు ఎక్కువ తినాలి, ఐదు రోజుల్లో. మా ఆయన పక్క నించి, "నువ్వు తినగలవ్, కానీ వాళ్లు పెట్టలె" అన్నాడు. పెరిగినదాంట్లో చాలా భాగం నీళ్లూ ఉప్పూ అయి ఉండాలి. తెల్లారి నించి మామూలు తిండి, మామూలు నడక. ఉపవాసం చెయ్యలేదు, ఎక్కువ నడవలేదు. తొమ్మిదో రోజుకు 71 కిలోల 600. ఆ లెక్క తెలియకపోతే ఆ తొమ్మిది రోజుల్లోనే నేను చాలించుకునేదాన్ని.

మా వీధిలోనే ఒకామె అట్ల చాలించుకుంది. పొద్దున పొడి కలిపిన పాలు తాగించే ఒక క్లబ్బులో చేరింది. కంపెనీ పేరు ఎందుకులెండి. నెలకు ఆమె కూలిలో సగం ఆ డబ్బాలకే. వారం వారం అందరి ముందు కాటా ఎక్కిస్తారు. తగ్గినవాళ్లకు చప్పట్లు. పెరిగినవాళ్లను ఏమీ అనరు, అందరూ ఊరుకుంటారు. మూడు నెలలు చప్పట్లు విన్నది. బతుకమ్మ పండుగ అయినంక వారం పెరిగింది, ఆ ఊరుకోవడం విన్నది. మళ్లీ పోలేదు. నన్ను అడిగితే ఆమె పట్టుదలకు లోటేమీ లేదు, రోజుకు పన్నెండు గంటలు నిలబడి కండెలు చుట్టే మనిషి. చప్పట్ల మీద నడిచే బండి చప్పట్లు ఆగితే ఆగుతుంది.

ఇంకో రకం దెబ్బ ఉంది, అది మన పేటల్లోనే ఎక్కువ. మనలో ఎవరైనా చిక్కితే సంతోషపడరు, అనుమానపడతారు. "ఏమైందే, గిట్ల గుంజుకపోయినవ్? షుగర్ గిట్ల వచ్చిందా?" "టీబీ పరీక్ష చేయించుకున్నవా?" మా అత్త అయితే, "మా ఇంట్ల తిండికి లేదని జనం అనుకుంటున్నరు" అని ఏడ్చింది. తప్పు పట్టలేను. మిల్లులు మూతపడినప్పుడు జనం ఎట్లా చిక్కిపోయారో ఆమె చూసింది. ఆమె కండ్లకు ఒళ్లు చేసుకోవడమంటే ఇంట్లో జీతం వస్తున్నట్టు. నేను ఆమెకు వాదన చెప్పలేదు. అమ్మ కాలు గురించి చెప్పాను. ఆ రోజు నించి రాత్రి నా పళ్లెంలో అన్నం పెట్టడం ఆమే మానేసింది, మజ్జిగ మాత్రం రెండు గ్లాసులు.

పెండ్లి తర్వాత మళ్లీ 71, 71న్నర మధ్యనే పదకొండు వారాలు ఆగిపోయింది. ఇది నీళ్ల సంగతి కాదు. బరువు తగ్గితే ఒంటికి ఖర్చు కూడా తగ్గుతుంది. చిన్న ఇంటికి తక్కువ కరెంటు అయినట్టు. దానికి తోడు ఒళ్లు ఇదేదో కరువనుకుని పొదుపు మొదలుపెడుతుంది, ఆకలి పెంచుతుంది. మొదటి నెలలో పని చేసిన తిండే ఆరో నెలలో ఊరికే నిలబెడుతుంది. చాలామందికి ఆరు నెలల దగ్గరే ఆగుతుందట. దీన్ని మా బిడ్డ చెప్పకముందు నేను కూడా 'ఇంకెందుకు' అనే దగ్గరికి వచ్చాను.

అప్పుడే ఆ పిల్ల చెన్నై సంగతి చెప్పింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ అనే ఆయన, ఆయనతో పనిచేసినవాళ్లు గడప దగ్గర ఉన్న 531 మందిని సుమారు మూడేండ్లు చూశారు. 2006లో అచ్చయింది. కొందరికి నడక, తిండి మార్పులు చెప్పి చేయించారు. వాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 28 శాతం పైన తగ్గింది. వింత ఏమిటంటే, వాళ్ల బరువు దాదాపు తగ్గనే లేదు! కాటా కదలకపోయినా లోపల పని జరుగుతున్నది. ఇదంతా మన లాంటి ఒళ్లున్న దక్షిణాది మనుషుల్లోనే. పదకొండు వారాలు కదలని ముల్లును చూసిన నాకు ఈ మాట విన్నప్పుడు కండ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగా.

తెల్లారి ఒక పాత హిసాబు బుక్కు తీసుకున్నాను. బరువు కోసం నెలకు ఒక్కటే గడి, ఒకటో తారీకు, పొద్దున, పరగడుపున. మిగతా గడులన్నీ నా చేతిలో ఉన్న పనులకు. నడిచానా, రాత్రి ఎన్ని రొట్టెలు, ఎన్ని చాయ్‌లు. ఇంకో గడి నడుము చుట్టుకొలతకు. నా దగ్గర టైలర్ టేపు ఎట్లాగూ ఉంటుంది. మన ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకుండా ఉంటే మంచిదంటారు. నాది మొదలు పెట్టినప్పుడు 99. బరువు ఆగిన ఆ పదకొండు వారాల్లో 95 నించి 93 అయింది. కార్ఖానాలో ప్యాకింగ్ పై అంతస్తులో ఉంటుంది, 22 మెట్లు. కింద నించి పైకి ఆగకుండా ఎక్కిన రోజు కూడా రాసుకున్నాను. ఒంటి మీద ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. నాలుగున్నర కిలోలకు 18 కిలోలు. నా మోకాళ్లకు ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

నడక కూడా ఒంటరిగా నడిచే పని కాదు. పక్కింటి వదినె, నేను పొద్దున ఐదున్నరకు బయల్దేరి సిద్ధేశ్వర చెరువు దాకా పోయి వస్తాం. ఆమెకు బరువు తగ్గాలని ఏమీ లేదు, ఇంట్లో నించి ఒక గంట బయట పడాలని. అది మంచిదైంది. నేను మానేద్దామనుకున్న రోజు ఆమె తలుపు కొడుతుంది, "నాకోసం రావే" అంటుంది. నల్లా వచ్చే రోజు మాత్రం నడక లేదు. మా ఊర్లో నాలుగైదు రోజులకోసారి నీళ్లు, ఏ గంటకు వస్తాయో తెలియదు. ఆ రోజు బకెట్లు మోయడమే నడక. బుక్కులో 'నల్లా' అని రాసి టిక్కు పెట్టుకుంటాను.

రెండో ఏడు వేసవికి 70 కిలోల 200కు దిగాను. డాక్టరమ్మ చెప్పిన ఏడు శాతం దాటింది. సగటు షుగర్ 5.8.

ఆ ఆశాడంలో అమ్మ మంచం పట్టింది. ఐదు నెలలు. రెండో కాలికి కూడా పుండు, కిడ్నీలు. పగలు కార్ఖానా, రాత్రి దవాఖానా వరండా. వడాపావ్, చాయ్, ఎవరో పెట్టిన బిస్కెట్లు. నిద్ర మూడు గంటలు. నడక లేదు, బుక్కు లేదు. ఆ ఐదు నెలలు నాకు ఉన్నది ఒక్కటే పని, అమ్మ పని, దాన్నే చేశాను. కార్తీకంలో అమ్మ పోయింది. పదకొండో రోజు అయినంక చూసుకుంటే 74 కిలోల 300. ఇది నీళ్లు కాదు. నిజం బరువు.

అప్పుడు నన్ను మళ్లీ లేపింది ఉత్సాహం అనుకుంటారేమో. ఉత్సాహం ఎక్కడిది, ఇల్లంతా ఖాళీ. అమ్మ మంచం ఎత్తేశాక ఆ చోట నిలబడితే కాళ్లు ఆడేవి కాదు. వదినె ఇరవై రోజులు ఊరుకుంది. ఇరవై ఒకటో రోజు ఐదున్నరకు తలుపు కొట్టింది. "నడిచేది లేదు, చెరువు గట్టు మీద కూసుందాం" అన్నది. పోయాం, కూర్చున్నాం, ఏడ్చాను, వచ్చాం. పోనురాను గంట నడిచినట్టే అని ఇంటికి వచ్చాక తెలిసింది. బుక్కు తీసి టిక్కు పెట్టాను. రాత్రి రొట్టెల గడి ఇంకో నెల ఖాళీగానే ఉంచాను. ఒక్క గడి చాలనుకున్నాను.

మొదటిసారి నాలుగున్నర కిలోలు ఆరు నెలల్లో పోయాయి. ఈసారి రెండున్నర కిలోలకు ఏడాది పట్టింది. మొన్న ఒకటో తారీకున 71 కిలోల 800, నడుము 92, సగటు షుగర్ 5.9. మధ్యలో అది 6.1 దాకా పోయి వచ్చింది. డాక్టరమ్మ చీటీ చూసి ఈసారి బరువు గురించి అడగలేదు. పాదాలు చూపించమంది. ఒక సన్నని దారం లాంటిదాన్ని వేళ్ల కింద ఆనించి, కండ్లు మూసుకుని ఎక్కడ తగిలిందో చెప్పమంది. పది చోట్లా చెప్పాను. మా అమ్మకు ఎవరూ ఆ పరీక్ష చెయ్యలేదు. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే ఏడాదికోసారి అడిగి చేయించండి, రెండు నిమిషాల పని.

ఇంట్లోకి ఒక కాటా కొనిస్తానని మా బిడ్డ మొదటి స్టైపెండ్ రాగానే అన్నది. వద్దన్నాను. నెలకోసారి చూడడానికి కార్ఖానా కాటా ఉంది. బూట్లు కొనియ్యి అన్నాను. చీర కింద తెల్లని బూట్లు వేసుకుని మొదటి రోజు బయటికి వస్తే సాంచెల మీద రాత్రిపాళీ దిగి వచ్చే పిల్లలు, "అత్తా, పరుగు పందెమా?" అని ఒకటే నవ్వుడు. ఇప్పుడు వదినె కూడా కొనుక్కుంది. ఇంకో ముగ్గురు వస్తున్నారు, అందులో ఆ క్లబ్బు మానేసినామె కూడా ఉంది. ఆమె బరువు మేమెవరం అడగం. నా బూట్ల మడమ ఒక పక్క అరిగింది, కొత్తవి కావాలి, కానీ దీపావళి బోనస్ దాకా వీటితోనే.